ఒక్కరే ఆడుకునే గేమ్‌కు కెర్నల్ డ్రైవర్ ఎందుకు? కాపీ రక్షణ పేరుతో మన కంప్యూటర్‌లోకి ఎంతవరకు రావచ్చు?

ప్రశ్న: ఏకాకి ఆటగాడు

నమస్కారం. నేను ఇతరులతో పోటీపడి ఆడే గేముల జోలికి వెళ్లను. కథ ఉన్నవి, ఒక్కరే కూర్చుని తీరిగ్గా ఆడుకునేవి మాత్రమే కొంటాను. ఇటీవల అటువంటి గేమ్ ఒకటి పూర్తి ధర చెల్లించి కొన్నాను. ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు అది అడ్మినిస్ట్రేటర్ అనుమతి అడిగింది. దాదాపు ప్రతి గేమూ అడిగేదే కనుక ఇచ్చాను. కొన్నాళ్ల తరువాత వేరే పని మీద, కంప్యూటర్‌తో పాటు మొదలయ్యేవాటిని చూపే ఆటోరన్స్ ప్రోగ్రామును తెరిచి చూస్తే, ఆ గేమ్‌తో పాటు ఒక కెర్నల్ డ్రైవర్ (ఆపరేటింగ్ సిస్టం లోపలి పొరలో నడిచే ప్రోగ్రాము) కూడా చేరిందనీ, గేమ్ ఆడినా ఆడకపోయినా కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ అది కూడా మొదలవుతోందనీ తెలిసింది. గేమ్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసినా డ్రైవర్ మాత్రం కదలలేదు.

లైసెన్సు ఒప్పందంలో దీని గురించి ఉన్నది ఒకే ఒక పేరా. లైసెన్సును ధ్రువీకరించడానికీ, అనధికార వినియోగాన్ని అరికట్టడానికీ హార్డ్‌వేర్ వివరాలు, ఐపీ చిరునామా, నడుస్తున్న ప్రోగ్రాముల జాబితా సేకరించవచ్చని అందులో ఉంది. ఆ సమాచారాన్ని ఎంతకాలం ఉంచుకుంటారో, ఎవరికి ఇస్తారో ఎక్కడా లేదు. అంగీకరిస్తున్నానని నొక్కకపోతే గేమ్ తెరుచుకోదు.

తమ శ్రమను ఎవరూ ఊరికే ఎత్తుకుపోకుండా తయారీదారు తాళం వేసుకోవడంలో నాకు ఏ అభ్యంతరమూ లేదు. అయితే ఆ పనికి ఇంత లోతైన అధికారం నిజంగా అవసరమా, లేక అది వారి సౌలభ్యం మాత్రమేనా అన్నది నా మొదటి సందేహం. రెండవది, నా కంప్యూటర్ నుంచి ఏమి వెళుతోందో తెలుసుకునే మార్గం ఏమిటి, ఒప్పందం మీద ఒక్కసారి నొక్కినంత మాత్రాన నా గోప్యత హక్కును వదులుకున్నట్టేనా అన్నది. పైరసీ చేయమని, రక్షణను ఛేదించే క్రాక్ వాడమని సలహా ఇవ్వవద్దని ముందే మనవి చేస్తున్నాను.

సమాధానం: పాత డిస్కులు

ఏకాకి ఆటగాడు గారూ, మీ మొదటి సందేహం మీద నేను కొంత చెప్పగలను. చట్టం సంగతి తెలిసినవారు చెబుతారు.

మామూలు ప్రోగ్రాము తనకు కేటాయించిన మెమరీలోనే పనిచేస్తుంది. ఫైలు తెరవాలన్నా, నెట్‌కు వెళ్లాలన్నా ఆపరేటింగ్ సిస్టంను అడిగి చేయించుకోవాలి. కెర్నల్ డ్రైవర్‌కు ఆ హద్దు లేదు. అది ఆపరేటింగ్ సిస్టంతో సమానమైన స్థాయిలో నడుస్తుంది కనుక ఏ ప్రోగ్రాము మెమరీనైనా చదవగలదు, కావాలంటే తన ఉనికినే దాచుకోగలదు, అందులో ఒక్క పొరపాటు దొర్లినా మొత్తం యంత్రం కూలబడుతుంది. 2024 జులై 19న భద్రతా సాఫ్ట్‌వేర్ సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక తప్పుడు అప్‌డేట్ దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలను నిలిపివేయడానికి కారణం ఆ సాఫ్ట్‌వేర్ ఈ స్థాయిలో నడవడమే. అది సంస్థలు భద్రత కోసం తెలిసి పెట్టుకున్న సాఫ్ట్‌వేర్. మీరు చెబుతున్నది వినోదం కోసం కొన్న వస్తువు వెంట చెప్పకుండా వచ్చి కూర్చున్నది.

కాపీ రక్షణ ఇంత లోతుకు దిగడానికి డిస్కుల కాలంలో ఒక కారణం ఉండేది. డ్రైవ్‌లో ఉన్నది అసలు డిస్కా, నకలా, లేక డిస్కు ఉన్నట్టు నటిస్తున్న వర్చువల్ డ్రైవా అన్నది తేలాలి. నటించే ప్రోగ్రామే డ్రైవర్‌గా నడుస్తున్నప్పుడు, దాన్ని పట్టుకోవడానికి రక్షణ వ్యవస్థ కూడా డ్రైవర్‌గానే దిగింది. స్టార్‌ఫోర్స్, సేఫ్‌డిస్క్ ఆ దారిలో వచ్చినవే. స్టార్‌ఫోర్స్ మీద ఆటగాళ్ల ఆగ్రహం పెరిగి పెరిగి, 2006 ఏప్రిల్‌లో గేముల సంస్థ యూబీసాఫ్ట్ దాన్ని వాడడం మానుకుంది.

సేఫ్‌డిస్క్ వ్యవహారం అంతకన్నా విచిత్రం. దాని డ్రైవర్‌ను మైక్రోసాఫ్ట్ స్వయంగా విండోస్ ఎక్స్‌పీతో కలిపి ఇచ్చింది. అందువల్ల ఎన్నడూ ఒక్క గేమ్ కూడా కొననివారి కంప్యూటర్లలో సైతం అది ఉండేది. 2007లో ఆ డ్రైవర్‌లో ఒక లోపం బయటపడింది. పరిమిత ఖాతాలో ఉన్న ప్రోగ్రాము దాని ద్వారా యంత్రం మీద పూర్తి అధికారం సంపాదించుకోగలిగేది. సవరణ ఆ ఏడాది డిసెంబరులో వచ్చింది. చివరకు 2015లో విండోస్ 10 వచ్చినప్పుడు సేఫ్‌డిస్క్‌కు అందులో చోటే లేకుండా పోయింది. దానితో డబ్బు పెట్టి అసలు డిస్కు కొన్నవారి గేములు తెరుచుకోవడం మానేశాయి, రక్షణ తీసేసిన దొంగ నకళ్లకు మాత్రం ఏ ఇబ్బందీ కలగలేదు.

ఈ చర్చ ఎప్పుడు వచ్చినా సోనీ బీఎంజీ సంగీతం సీడీలను తలచుకోక తప్పదు. 2005 అక్టోబరు 31న విండోస్ నిపుణుడు మార్క్ రుసినోవిచ్ ఆ సీడీలలోని కాపీ రక్షణ తన కంప్యూటర్‌లో ఒక రూట్‌కిట్‌ను, అంటే తన ఉనికిని దాచుకునే ప్రోగ్రామును, పెట్టిందని బయటపెట్టారు. పేరు ఫలానా అక్షరాలతో మొదలయ్యే ఫైలు ఏదైనా సరే, అది దాచేసేది, ఎవరి ఫైలు అన్న తేడా చూసేది కాదు. వారాలు తిరగకుండానే వైరస్‌లు రాసేవారు తమ ఫైళ్లకు ఆ అక్షరాలే పెట్టుకున్నారు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో మోసం చేసేవారు కూడా, గేమ్ కాపలా ప్రోగ్రాముకు కనబడకుండా ఉండడానికి ఇదే ఉపాయం వాడుకున్నారు. అంటే ఒక సంస్థ పెట్టిన కాపీ రక్షణే మరో సంస్థ మోస నిరోధక వ్యవస్థకు గంతలు కట్టింది.

గోప్యత కోణంలో వీటన్నిటికన్నా ఘోరమైనది 2018 ఫిబ్రవరిలో బయటపడింది. ఫ్లైట్ సిమ్ ల్యాబ్స్ అనే సంస్థ ఎయిర్‌బస్ ఏ320 విమానాన్ని ఫ్లైట్ సిమ్యులేటర్‌లో నడిపే యాడ్‌ఆన్ అమ్మేది. దాని ఇన్‌స్టాలర్‌లో, క్రోమ్ బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డులను బయటికి తీసే ఫైలు ఒకటి దొరికింది. దొంగ సీరియల్ నంబరు వాడినవారిని పట్టుకోవడానికే అది పెట్టామనీ, నిజాయితీగా కొన్నవారి మీద ప్రయోగించలేదనీ సంస్థ చెప్పుకుంది, గొడవ పెద్దదయ్యాక తొలగించింది. వారి మాట అక్షరాలా నిజమేననుకున్నా, ఆ ఫైలు డబ్బు చెల్లించినవారి ఇన్‌స్టాలర్‌లో కూడా ఉంది. అడ్మినిస్ట్రేటర్ అనుమతి ఒకసారి ఇచ్చాక ఏది ప్రయోగించాలి, ఏది ప్రయోగించకూడదు అన్న నిర్ణయం మన చేతిలో ఉండదు.

ఇక నేటి సంగతి. డిస్కు పోయింది, వర్చువల్ డ్రైవ్‌ను పట్టుకోవలసిన పని కూడా పోయింది. లైసెన్సు చెల్లుతుందా లేదా అన్నది సర్వర్ చెబుతుంది. కనుక కాపీ రక్షణ ఒక్కటే పని అయితే కెర్నల్ డ్రైవర్‌కు నాకు సాంకేతిక కారణమేదీ కనబడదు.

సమాధానం: చిన్న స్టూడియో

నేను గేముల తయారీలో పనిచేస్తున్నాను కనుక నా మాటను ఆ మేరకు తగ్గించుకుని చదవండి. పాత డిస్కులు గారు చెప్పిన సంఘటనలతో నాకు విభేదం లేదు. అయితే ఈ చర్చలలో మూడు వేర్వేరు వస్తువులను ఒకే గాటన కట్టడం అలవాటైపోయింది: కాపీ రక్షణ ఒకటి, ఆటలో మోసాన్ని అరికట్టే యాంటీ చీట్ మరొకటి, ఆటగాళ్ల అలవాట్లను లెక్కగట్టే అనలిటిక్స్ మూడవది.

నేడు ఎక్కువగా తిట్లు తినే డెనువో కాపీ రక్షణ కెర్నల్ డ్రైవర్‌ను పెట్టదు. అది గేమ్ ప్రోగ్రాములోనే కలిసిపోయి ఉంటుంది. మీ హార్డ్‌వేర్ లక్షణాల నుంచి ఒక గుర్తును తయారుచేసి సర్వర్‌కు పంపుతుంది, ఆ యంత్రానికి మాత్రమే పనికివచ్చే టోకెన్‌ను తెచ్చుకుంటుంది. అదే సంస్థ తయారుచేసిన యాంటీ చీట్ వేరు, దానికి డ్రైవర్ ఉంది. 2020 మే నెలలో డూమ్ ఎటర్నల్‌కు దాన్ని ఒక అప్‌డేట్‌తో చేర్చినప్పుడు, ఒంటరిగా ఆడుకునేవారి కంప్యూటర్లలోకి కూడా వెళ్లింది. వారి అభ్యంతరాలు వెల్లువెత్తడంతో కొద్ది రోజులకే తీసేశారు. మీరు చూసిన డ్రైవర్ కంప్యూటర్‌తో పాటే మొదలవుతోందంటే, అది కాపీ రక్షణ కాక యాంటీ చీట్ అయివుండే అవకాశమే ఎక్కువ. మీరు ఎన్నడూ తెరవని ఆన్‌లైన్ విభాగం ఏదైనా ఆ గేమ్‌లో ఉందేమో చూడండి.

యాంటీ చీట్ కెర్నల్‌లోకి వెళ్లడానికి కారణం లేకపోలేదు, మోసం చేసే ప్రోగ్రాములు కూడా అక్కడికే చేరాయి. అయినా దాని ప్రమాదాన్ని నేను తక్కువ చేసి చెప్పను. 2016లో స్ట్రీట్ ఫైటర్ 5కు క్యాప్‌కామ్ చేర్చిన డ్రైవర్ ప్రాసెసర్‌లోని ఒక రక్షణను ఆపేసి, ఏ ప్రోగ్రాము అడిగినా దాని కోడ్‌ను కెర్నల్ స్థాయిలో నడిపించేది. సంస్థ దాన్ని వెంటనే వెనక్కి తీసుకుంది. గెన్‌షిన్ ఇంపాక్ట్ గేమ్ యాంటీ చీట్ డ్రైవర్‌ను, ఆ గేమ్ లేని కంప్యూటర్లలోకి సైతం తామే మోసుకెళ్లి, యాంటీవైరస్‌ను ఆపడానికి వాడుకున్న ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే) ముఠా గురించి భద్రతా సంస్థ ట్రెండ్ మైక్రో 2022 ఆగస్టులో వెల్లడించింది. సరైన డిజిటల్ సంతకం ఉన్న డ్రైవర్ కావడంతో విండోస్ దాన్ని నమ్మింది.

మూడవదైన అనలిటిక్స్‌ను గేములలో సమర్థించడం నాకే కష్టం. 2018లో రెడ్ షెల్ అనే సాధనం చాలా గేములలో ఉన్నట్టు ఆటగాళ్లే కనిపెట్టారు. ఎవరు ఏ ప్రకటన చూసి గేమ్ కొన్నారో జతచేయడం దాని పని. కాపీలతో గాని, మోసంతో గాని దానికి సంబంధం లేదు. బయటపడిన తరువాత అనేక స్టూడియోలు తొలగించాయి.

కాపీ రక్షణ అసలు అక్కరలేదని మాత్రం నేను అనను. గేమ్ అమ్మకాలలో పెద్ద భాగం విడుదలైన తొలి వారాలలోనే జరుగుతుంది, ఆ కొద్ది కాలం క్రాక్ రాకుండా చూసుకోవడమే సంస్థల లక్ష్యం. కొన్ని నెలలు గడిచాక డెనువోను తామే తీసేసే సంస్థలు అందుకే ఉన్నాయి. మరోవైపు ఏ రక్షణా లేకుండా గేములు అమ్మే గాగ్ అనే దుకాణం 2008 నుంచి నడుస్తూనే ఉంది కనుక, తాళం లేకపోతే పరిశ్రమే మునుగుతుందన్న మాట కూడా నిలవదు.

మీ ఒప్పందంలో నాకు నచ్చనిది నడుస్తున్న ప్రోగ్రాముల జాబితా. డీబగ్గర్ (ప్రోగ్రామును విప్పి చూసే సాధనం) లాంటివి నడుస్తున్నాయా అని గేమ్ మీ యంత్రంలోనే చూసుకోవచ్చు, ఉందో లేదో తేల్చుకుని ఆగిపోవచ్చు. ఆ జాబితాను యథాతథంగా సర్వర్‌కు పంపవలసిన అవసరం లైసెన్సు ధ్రువీకరణకు లేదు. మీరు ఏ వైద్య సంబంధమైన యాప్ వాడుతున్నారో, ఏ బ్యాంకు ప్రోగ్రాము తెరిచారో అందులోనే తెలిసిపోతుంది.

సమాధానం: నిబంధనల పుస్తకం

ఒప్పందం మీద నొక్కితే హక్కు పోయినట్టేనా అన్న ప్రశ్నకు సమాధానం మీరు ఏ దేశ చట్టం కిందకు వస్తారన్న దాన్ని బట్టి మారుతుంది. అయితే నొక్కారు కనుక అంతా సరే అనేంత తేలిక అది ఎక్కడా కాదు.

ఐరోపా సమాఖ్యలో రెండు చట్టాలు కలిసి పనిచేస్తాయి. 2018 మే 25 నుంచి అమలులో ఉన్న జీడీపీఆర్ అనే సమాచార రక్షణ చట్టం ప్రకారం, చెప్పిన ప్రయోజనానికి ఎంత సమాచారం అవసరమో అంతే తీసుకోవాలి, ఎంతకాలం ఉంచుకుంటారో చెప్పాలి. వస్తువు ఇవ్వడానికి అక్కరలేని సమాచారాన్ని ఇస్తేనే వస్తువు ఇస్తామని షరతు పెడితే, ఆ సమ్మతి స్వేచ్ఛగా ఇచ్చినదేనా అన్నది ప్రశ్నార్థకమవుతుంది. రెండవది 2002 నాటి ఈప్రైవసీ ఆదేశం, ఆటగాళ్లకు ఎక్కువగా తెలియనిది. వినియోగదారు పరికరంలో ఏదైనా నిల్వ చేయాలన్నా, అక్కడ ఉన్నదాన్ని చదవాలన్నా, అడిగిన సేవకు అది తప్పనిసరి అయితే తప్ప ముందుగా సమ్మతి తీసుకోవాలని దాని 5వ అధికరణం చెబుతుంది. వెబ్‌సైట్ల కుకీల మీద వచ్చే ప్రశ్నలన్నీ ఆ అధికరణం పుణ్యమే. అందులో ఉన్నది పరికరం అన్న మాట, బ్రౌజర్ అని కాదు. గేమ్ మీ హార్డ్‌వేర్ వివరాలు చదివినా అది వర్తిస్తుందనే నా అభిప్రాయం. ఐపీ చిరునామా వ్యక్తిగత సమాచారం కాదన్న వాదన కూడా అంత తేలికగా నిలవదు. మారుతుండే ఐపీ చిరునామా కూడా వ్యక్తిగత సమాచారం కాగలదని ఐరోపా న్యాయస్థానం 2016లో బ్రేయర్ కేసులో తీర్పు ఇచ్చింది.

మీ పరిస్థితికి దగ్గరగా ఉన్న ఫిర్యాదు ఒకటి 2025 ఏప్రిల్‌లో దాఖలైంది. ఒక్కరే ఆడుకునే ఫార్ క్రై ప్రైమల్ కూడా ప్రతిసారీ ఇంటర్నెట్‌కు కలవాలని పట్టుబడుతోందనీ, పది నిమిషాలలో 150 సార్లు బయటి సర్వర్లతో సంబంధం పెట్టుకుందనీ, గోప్యత హక్కుల సంస్థ నోయబ్ ఒక ఆటగాడి తరఫున యూబీసాఫ్ట్ మీద ఆస్ట్రియా అధికారులకు ఫిర్యాదు చేసింది. అది ఫిర్యాదు మాత్రమే, తీర్పు కాదు. దాని వాదన మాత్రం సూటిగా ఉంది: కొన్నవాడు కొన్నాడన్న సంగతి దుకాణానికి ముందే తెలిసినప్పుడు, ఆడిన ప్రతిసారీ గమనించవలసిన అవసరం ఏమిటి?

అమెరికాలో తీరు వేరు. అక్కడ అన్ని రంగాలకూ వర్తించే కేంద్ర గోప్యత చట్టం లేదు కనుక, మోసపూరిత వ్యాపార పద్ధతి అన్న కోణంలో కేసులు నడుస్తాయి. సోనీ బీఎంజీ విషయంలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2007 జనవరిలో కుదుర్చుకున్న రాజీ ప్రకారం, కంప్యూటర్ దెబ్బతిన్నవారికి 150 డాలర్ల వరకు చెల్లించడానికి సంస్థ ఒప్పుకుంది. స్పోర్ గేమ్ 2008 సెప్టెంబరులో వచ్చినప్పుడు, సెక్యూరామ్ అనే ప్రత్యేక ప్రోగ్రామును కొనుగోలుదారుకు చెప్పకుండా పెట్టారన్న ఆరోపణతోనే ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ మీద కాలిఫోర్నియాలో దావా పడింది. ఆ గేమ్‌ను మూడు కంప్యూటర్లకు మించి యాక్టివేట్ చేసుకోనివ్వకపోవడం మీద అమెజాన్‌లో ఒంటి చుక్క రేటింగులు వేలల్లో కురిశాయి. ఇంత రక్షణ ఉన్నా పైరసీ ఆగలేదన్నది వేరే సంగతి.

రక్షణను మనమే తీసేయవచ్చా అన్నది మీరు అడగలేదు, అయినా ఎవరో ఒకరు అడుగుతారు. అమెరికా 1998 చట్టం రక్షణను ఛేదించడాన్ని నిషేధిస్తూనే, వ్యక్తిగత సమాచారం సేకరించే భాగాన్ని ఆపుకోవడానికి ఒక మినహాయింపు ఇచ్చింది. అయితే ఆ సేకరణ గురించి ముందే స్పష్టంగా చెప్పి ఉండకూడదు, మనం చేసే పని వల్ల ఆ సేకరణ ఆగడం తప్ప వేరే ఫలితం ఏదీ ఉండకూడదు. గేమ్ తాళం కూడా ఆ భాగంలోనే ఉంటే మినహాయింపు మనకు దక్కదు. భారత కాపీరైట్ చట్టానికి 2012లో చేర్చిన 65ఏ సెక్షన్ ఈ విషయంలో కొంత ఉదారంగా ఉంది. హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో ఛేదించడమే అక్కడ నేరం. వినియోగదారును గుర్తించడానికి లేదా నిఘా పెట్టడానికి ఉద్దేశించిన సాంకేతిక చర్యలను దాటడానికి అవసరమైనదాన్ని ఆ సెక్షనే మినహాయించింది. ఆ మినహాయింపు గురించి ఆటగాళ్లు మాట్లాడుకోవడం మాత్రం నేను ఎక్కడా వినలేదు.

ఏకాకి ఆటగాడు

అందరికీ కృతజ్ఞతలు. చిన్న స్టూడియో గారి ఊహ నిజమే. డ్రైవర్ డిజిటల్ సంతకం చూశాను, అది యాంటీ చీట్ తయారుచేసే వేరే సంస్థది. గేమ్ మెనూలో ఇతరులతో ఆడే విభాగం ఒకటి ఉంది, నేను దాన్ని ఒక్కసారి కూడా తెరవలేదు. అంటే నాకు అక్కరలేని విభాగం కోసం కాపలా, నేను కొనని సంస్థ నుంచి వచ్చింది. లైసెన్సు ఒప్పందంలో దాని పేరు సైతం లేదు. ఇప్పుడు ఆ డ్రైవర్ ఫైలును నేరుగా డిలీట్ చేయవచ్చా? ఇకముందు కొనేముందే దీన్ని కనిపెట్టే మార్గం ఉందా?

సమాధానం: పాత డిస్కులు

ఫైలును నేరుగా డిలీట్ చేయకండి. డ్రైవర్ నమోదు, విండోస్ సెట్టింగులు ఉండే రిజిస్ట్రీలో మిగిలిపోతే కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు చిక్కులు రావచ్చు. ఇన్‌స్టాల్ చేసిన ప్రోగ్రాముల జాబితాలో యాంటీ చీట్ సంస్థ పేరుతో వేరే ఎంట్రీ ఉందేమో ముందు చూడండి, చాలా సందర్భాలలో ఉంటుంది. లేకపోతే గేమ్ ఫోల్డర్‌లో దాని అన్‌ఇన్‌స్టాలర్ ఉంటుంది, గేమ్ తీసేశారు కనుక తయారీదారు సైటులో వెతకండి. అదే యాంటీ చీట్‌ను మీ ఇతర గేములు పంచుకుంటుంటే అవి మొరాయిస్తాయి. అవసరమైతే పాత స్థితికి వెనక్కి వెళ్లడానికి రిస్టోర్ పాయింట్ పెట్టుకుని మొదలుపెట్టండి. విండోస్ సెక్యూరిటీలో కోర్ ఐసొలేషన్ కింద ఉన్న మెమరీ ఇంటిగ్రిటీని ఆన్ చేసుకోవడం ఎలాగూ మంచిదే, లోపాలున్నట్టు తెలిసిన డ్రైవర్లను అడ్డుకునే జాబితా దానితో అమలవుతుంది.

కొనేముందు చూసుకోవడం మునుపటికన్నా తేలికైంది. కెర్నల్ స్థాయి యాంటీ చీట్ ఉంటే ఆ సంగతిని గేమ్ పేజీలోనే తెలపాలని గేములు అమ్మే స్టీమ్ 2024 అక్టోబరు నుంచి నిబంధన పెట్టింది. ఇతర సంస్థల కాపీ రక్షణ ఉంటే దాని పేరు కూడా ధర పక్కన ఉన్న పెట్టెలో కనబడుతుంది.

ఏమి వెళుతోందో చూడడానికి, నెట్‌వర్క్ రాకపోకలను చూపే వైర్‌షార్క్ పెట్టినా, సమాచారం ఎన్‌క్రిప్ట్ అయివుంటుంది కనుక ఏ సర్వర్‌కు, ఎన్నిసార్లు, ఎంత పరిమాణంలో వెళ్లిందన్నదే తెలుస్తుంది. లోపల ఏముందో వారే చెప్పాలి. అందుకు ఒకే లేఖను గేమ్ సంస్థకూ, యాంటీ చీట్ సంస్థకూ విడివిడిగా పంపండి. నా గురించి మీ దగ్గర ఉన్న సమాచారం మొత్తం నకలు ఇవ్వండి, ఏ ప్రయోజనానికి తీసుకున్నారో, ఎవరికి ఇచ్చారో, ఎప్పుడు చెరిపేస్తారో తెలపండి అని అడిగితే చాలు.

సమాధానం: నిబంధనల పుస్తకం

ఆ లేఖకు ఒక చేర్పు. జీడీపీఆర్ వర్తించే సంస్థ అయితే 15వ అధికరణం పేరు రాయండి, సాధారణంగా ఒక నెలలోపు జవాబు ఇవ్వవలసి ఉంటుంది. మీ ఖాతా వివరాలతో పాటు, గేమ్ ఆ యంత్రానికి కేటాయించిన హార్డ్‌వేర్ గుర్తుకు జతపడిన రికార్డులు కూడా కావాలని విడిగా అడగండి. అడగకపోతే ఈమెయిల్ చిరునామా, కొనుగోలు తేదీ ఉన్న ఒక పేజీ పంపి అంతే ఉందంటారు.

సమాధానం: చిన్న స్టూడియో

మా వైపు నుంచి ఒక మాట. అటువంటి లేఖ వచ్చినప్పుడే చాలా స్టూడియోలలో యాంటీ చీట్ సంస్థతో చేసుకున్న ఒప్పందాన్ని మొదటిసారి ఎవరైనా తీసి చదువుతారు. సపోర్ట్ టికెట్‌గా కాకుండా గోప్యత విధానంలో ఇచ్చిన చిరునామాకే పంపండి.